తాతల నాటి తుపాకీ.. దాచితే నేరం, పారేస్తే నష్టం
పాత ఆయుధాలు, సైనిక వస్తువుల సేకరణపై చట్టం ఏమంటోంది?

చిలుకూరు: పాత ఇల్లు కూల్చి కొత్త ఇల్లు కట్టుకునే వేళ అటక మీది సామాను కిందికి దిగుతుంది. ఇత్తడి బిందెలు, కాలం చెల్లిన పహాణీ నకళ్లు, తాడుతో కట్టిన ఉత్తరాల కట్ట, మూలన చింకి గోనెలో చుట్టిన ఇనుప గొట్టం. ఆ గొట్టం తుపాకీది అని తెలిసిన క్షణం నుంచి ఆ ఇంటివారికి నిద్ర పట్టదు. తాత పోయి ముప్పై ఏళ్లయి ఉంటుంది. అది లైసెన్సుదో, పోరాట కాలం నాటిదో, ఎవరో దాచమని ఇచ్చి వెళ్లినదో చెప్పేవారు ఉండరు. రాత్రికి రాత్రి పాడుబడిన బావిలో పడేసేవారు కొందరు. పాత ఇనుము కొట్టుకు తూకానికి వేసేవారు మరికొందరు. ‘మా తాత గుర్తు’ అంటూ గోడకు తగిలించి, ఫొటో తీసి నలుగురికీ పంపేవారు ఇటీవల తయారయ్యారు. చట్టం దృష్టిలో ఈ మూడూ తప్పే. మొదటి రెండింటి వల్ల చరిత్రకూ నష్టమే.

పాత సైనిక తుపాకులను, పతకాలను, టోపీలను, యూనిఫారాలను సేకరించడం ప్రపంచంలో చాలాచోట్ల పెద్ద వ్యాపకం. సైన్యాలు కొత్త ఆయుధాలకు మారినప్పుడు మిగిలిపోయిన పాతవాటిని అమ్మివేస్తాయి. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం నాటి గరాండ్ రైఫిళ్లను అర్హులైన పౌరులకు అమ్మే సంస్థ చట్టబద్ధంగానే పనిచేస్తోంది. అక్కడ 1898లోగా తయారైన తుపాకీని 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం పురావస్తువుగా పరిగణిస్తుంది. యాభై ఏళ్లు దాటిన వాటిని సేకరించేవారికి ప్రత్యేక లైసెన్సు ఉంది. పొరుగున ఉన్న నేపాల్‌లో కాఠ్మాండూలోని పాత రాజప్రాసాదం లగన్ సిలేఖానాలో దశాబ్దాలుగా మూలుగుతున్న వేలాది తుపాకులను 2003లో ఇద్దరు విదేశీ వ్యాపారులు కొని అమెరికాకు తరలించారు. మార్టినీ హెన్రీ రైఫిళ్లు, నేపాలీలు స్వయంగా తయారుచేసుకున్న గహేంద్ర రైఫిళ్లు అందులో ఉన్నాయి. శతాబ్దపు జిడ్డు, దుమ్ము తుడిచి వాటిని నేటికీ సేకర్తలకు అమ్ముతున్నారు.

అమెరికాలో స్థిరపడిన మనవాడు అక్కడ ఇలాంటి తుపాకీని కొని గోడకు తగిలించుకోవచ్చు. అతని పెదనాన్న ఇక్కడ అదే పని చేస్తే జైలుకు వెళ్లవలసి రావచ్చు. వ్యత్యాసం ఇంత తీవ్రంగా ఉంది కాబట్టే అంతర్జాలంలో విదేశీ సేకర్తల వీడియోలు చూసి ఉత్సాహపడే యువకులు ముందుగా మన చట్టాన్ని తెలుసుకోవడం అవసరం.

ఈ దారి చూసిన ఆయుధాలు

చిలుకూరు అనగానే హైదరాబాద్ దగ్గరి బాలాజీ ఆలయం గుర్తుకు రావడం సహజం. ఇక్కడ చెబుతున్నది కోదాడ, హుజూర్‌నగర్‌ల మధ్య ఉన్న చిలుకూరు. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఎనిమిదో ఆంధ్ర మహాసభ జరిగింది ఈ ఊళ్లోనే. ఆ తరువాత పదేళ్లలో ఈ ప్రాంతం చూసినన్ని రకాల ఆయుధాలను తెలుగునేలపై మరే ప్రాంతమూ చూసి ఉండదంటే అతిశయోక్తి కాకపోవచ్చు.

పోరాటం తుపాకులతో మొదలు కాలేదు. గుత్పలు, వడిసెలలు, కారం పొడి, రోకళ్లు తొలి ఆయుధాలు. తుపాకులు గడీల్లో ఉండేవి. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుపై విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపి దొడ్డి కొమురయ్యను బలిగొన్నప్పుడు ఒకవైపు తుపాకులు, మరోవైపు కర్రలే ఉన్నాయి. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన తరువాత గడీల నుంచి, పటేళ్ల ఇళ్ల నుంచి స్వాధీనం చేసుకున్న తుపాకులే దళాలకు ఆధారమయ్యాయి. వాటిలో అధికభాగం జనం భర్మార్ అని పిలిచే నాటు తుపాకులు.

భర్మార్ అంటే గొట్టం నోటి నుంచి మందు పోసి, గుడ్డపీలిక కూరి, ఇనుప కడ్డీతో దట్టించి, పైన గుండు వేసి పేల్చే తుపాకీ. ఒకసారి పేల్చాక మళ్లీ మొదటి నుంచీ రావాలి. వానలో మందు తడిస్తే అది ఉత్త కట్టె. సైన్యం చేతిలోని త్రీనాట్‌త్రీ రైఫిల్ దీనికి పూర్తిగా భిన్నం. పది తూటాల మేగజీన్, బోల్టు లాగితే చాలు తరువాతి తూటా సిద్ధం. దళంలో ఒక్క త్రీనాట్‌త్రీ ఉంటే దానికి ఎంత విలువ ఉండేదో ఈ తేడాను బట్టి ఊహించుకోవచ్చు. కరివిరాల కొత్తగూడెం నుంచి వచ్చి దళాలు నడిపి, తరువాత మిర్యాలగూడ నుంచి లోక్‌సభకు ఎన్నికైన భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన సోదరి మల్లు స్వరాజ్యం ఈ తుపాకుల కాలానికి ప్రత్యక్ష సాక్షులు. ఆయన 2008లో, ఆమె 2022లో కన్నుమూశారు. స్వరాజ్యం ఆత్మకథ 2019లో ‘నా మాటే తుపాకీ తూటా’ పేరుతో వెలువడింది.

మరో విశేషం మునగాల. నాలుగు వైపులా నిజాం రాజ్యం ఉన్నా మునగాల పరగణా బ్రిటిష్ ఏలుబడిలోని కృష్ణా జిల్లాలో భాగం. 1959లో గానీ అది నల్గొండ జిల్లాలో కలవలేదు. అంటే చిలుకూరులో నిజాం చట్టం, కొద్ది మైళ్ల దూరంలోని మునగాలలో 1878 నాటి బ్రిటిష్ ఆయుధాల చట్టం. పొలిమేర దాటితే అదే తుపాకీకి మరో చట్టం, మరో పోలీసు. ఈ ప్రాంతంలో దొరికే పాత లైసెన్సు కాగితాల్లో కొన్ని ఉర్దూలో, కొన్ని ఇంగ్లిషులో ఉండటానికి కారణం ఇదే.

ఇక 1948. ఆస్ట్రేలియాకు చెందిన వైమానికుడు సిడ్నీ కాటన్ లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి నిజాం రాజ్యానికి రహస్యంగా ఆయుధాలు చేరవేశాడు. ఆ నేరానికి తరువాత బ్రిటన్‌లో అతనికి పడిన జరిమానా 200 పౌండ్లు మాత్రమే! అదే ఏడాది సెప్టెంబరు 13న భారత సేనలు నాలుగు దిక్కుల నుంచి ప్రవేశించాయి. విజయవాడ వైపు నుంచి వచ్చిన దండుకు మేజర్ జనరల్ ఎ.ఎ.రుద్ర నాయకుడు. హంబర్, స్టాగ్‌హౌండ్ కవచ శకటాలున్న హైదరాబాద్ లాన్సర్లు అడ్డుపడినా ఉదయం ఎనిమిదిన్నరకల్లా కోదాడకు, మధ్యాహ్నానికి మునగాలకు దండు చేరుకుంది. విమాన దాడి అనంతరం గూర్ఖాలు సూర్యాపేటను స్వాధీనం చేసుకున్నారు. వెనుదిరుగుతూ హైదరాబాద్ సేనలు మూసీ వంతెనను పేల్చివేశాయి. దానిని త్వరగానే బాగుచేసుకున్న దండు 15న నార్కట్‌పల్లి వద్ద రజాకార్లను తుడిచిపెట్టింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. నేడు వేలాది వాహనాలు పరుగెత్తే జాతీయ రహదారి బాట ఆ రోజుల్లో యుద్ధభూమి.

సాయుధ పోరాటం మాత్రం 1951 అక్టోబరు 21న విరమించే వరకు కొనసాగింది. దళాల చేతిలోని ఆయుధాలు కొన్ని అప్పగింతకు వచ్చాయి, కొన్ని పట్టుబడ్డాయి. అన్నీ లెక్కకు వచ్చాయని ఎవరూ చెప్పలేరు. అటకల మీది గొట్టాలకు మూలం కొంతవరకు అక్కడ ఉంది. మిగతావి పందుల బెడదకు పంట కాపలా కోసం తీసుకున్న లైసెన్సు తుపాకులు. తాత పోయాక ఎవరూ రెన్యువల్ చేయించలేదు, అంతే.

చట్టం ఎక్కడ పట్టుకుంటుంది?

మన ఆయుధాల చట్టం 1959 నాటిది. 1962 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. నాటు తుపాకీ అయినా సరే, పేలే తుపాకీ ఇంట్లో ఉంచుకోవాలంటే లైసెన్సు ఉండాలి. లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ ప్రకారం కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు. అదే సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినవైనా రెండు మించరాదు. విదేశాల్లో మాదిరిగా గోడ నిండా తుపాకులు తగిలించుకునే వ్యాపకానికి మన దేశంలో ఆస్కారం లేకపోవడానికి ఈ ఒక్క నిబంధన చాలు.

రెండో అడ్డంకి తూటా సైజు. సైన్యం, పోలీసులు వాడే త్రీనాట్‌త్రీ, 7.62 మిల్లీమీటర్ల తూటాలు పట్టే రైఫిళ్లు, సైనిక వాడకంలోని 9 మిల్లీమీటర్ల, .380, .455 తూటాలు పట్టే పిస్తోళ్లు, రివాల్వర్లు, .410 మస్కెట్లు ‘నిషిద్ధ బోరు’ కిందికి వస్తాయి. వీటికి అనుమతి జిల్లా స్థాయిలో దొరకదు. కేంద్ర హోం శాఖ ఇవ్వాలి. నిషిద్ధ ఆయుధాన్ని లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకుంటే శిక్ష ఏడేళ్లతో మొదలై పద్నాలుగేళ్ల వరకు ఉంటుంది. ఇతర దేశాల సేకర్తలు ఎక్కువగా మోజుపడే సైనిక రైఫిళ్లన్నీ దాదాపు ఈ జాబితాలోనివే. త్రీనాట్‌త్రీ మరీ పురాతన వస్తువేమీ కాదు కూడా. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు పలికింది 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో! నిన్నమొన్నటి వరకు కానిస్టేబుల్ భుజాన ఉన్న తుపాకీని ‘పురావస్తువు’ అంటే న్యాయస్థానం ఒప్పుకుంటుందని ఆశించలేం.

మరి పాతవాటికి మినహాయింపు లేదా? ఉంది. తప్పుగా అర్థం చేసుకునేదీ దీన్నే. చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం కాలం చెల్లిన నమూనా ఆయుధాలకు, పురావస్తు విలువ ఉన్నవాటికి, పాడైపోయినవాటికి చట్టం వర్తించదు. అయితే ఒక షరతు ఉంది. ‘మరమ్మతు చేసినా, చేయకపోయినా’ అది తుపాకీగా పనికిరాని స్థితిలో ఉండాలి. తుప్పు పట్టింది కదా, ట్రిగ్గర్ ఊడిపోయింది కదా అనుకుంటే కుదరదు. కమ్మరి చేతిలో పడితే తిరిగి పేలుతుందంటే అది చట్టం లెక్కలో తుపాకీయే. పనికిరాదని తేల్చవలసింది ఆయుధ నిపుణులు తప్ప ఇంటి యజమాని కాదు.

2020 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలను సవరించి ‘క్యూరియో’ తరగతి చిన్న ఆయుధాలను సంపాదించడానికి, ఉంచుకోవడానికి లైసెన్సు అక్కరలేదని పేర్కొంది. వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా, ఒకచోటి నుంచి మరోచోటికి తరలించాలన్నా తగిన లైసెన్సు ఉండాలి. లైసెన్సులో నమోదు కాని అలాంటి తుపాకీకి తూటాలు అమ్మరాదు. ఇది సేకర్తలకు తెరిచిన చిన్న కిటికీ. తన దగ్గర ఉన్నది క్యూరియో అని ఎవరికి వారు తీర్మానించుకుని ధీమాగా కూర్చుంటే మాత్రం ఆ కిటికీ ఎంత చిన్నదో పోలీసులు వచ్చాక తెలుస్తుంది. ముందుగా లిఖితపూర్వకంగా అధికారులను అడిగి జవాబు తెప్పించుకోవడం ఉత్తమం.

దొరికితే ఏం చేయాలి?

చట్టంలోని 21వ సెక్షన్ దారి చూపుతోంది. లైసెన్సుదారు మరణించడం వల్ల గానీ, గడువు తీరడం వల్ల గానీ, మరే కారణం చేత గానీ తుపాకీ ఉంచుకోవడం చట్టవిరుద్ధమైతే అనవసర జాప్యం లేకుండా దగ్గరి పోలీస్‌స్టేషన్‌లో లేదా లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి వద్ద జమ చేయాలి. సైన్యంలో ఉన్నవారైతే తమ యూనిట్ ఆయుధాగారంలోనూ ఇవ్వవచ్చు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తుపాకీని గోనెసంచిలో చుట్టి మోటారుసైకిల్‌పై స్టేషన్‌కు బయలుదేరతారు. మధ్యదారిలో వాహన తనిఖీలో దొరికితే ‘అప్పగించడానికే తీసుకెళ్తున్నాను’ అన్న మాట రుజువు చేసుకోవడం కష్టం. వస్తువును ఉన్నచోటే ఉంచి, ఎప్పుడు ఎలా దొరికిందో రాసి, ఇద్దరు పెద్దమనుషుల సంతకాలతో ముందు స్టేషన్‌కు సమాచారం ఇవ్వాలి. పోలీసులు వచ్చి తీసుకెళ్తే రశీదు అడగాలి. న్యాయవాదిని సంప్రదిస్తే మరీ మంచిది. స్వయంగా చెప్పినంత మాత్రాన కేసు ఉండదన్న హామీ చట్టంలో ఎక్కడా రాసిలేదు. అయితే ఆయుధం కలిగి ఉండటమనే నేరానికి అది తన వద్ద ఉందన్న ఎరుక ముఖ్యమని సుప్రీంకోర్టు 1972లోనే గుణవంత్‌లాల్ కేసులో స్పష్టం చేసింది. తాత అటకపై ఏం దాచాడో మనవడికి తెలియకపోవడం నేరం కాదు. తెలిసిన తరువాత ఊరుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

లైసెన్సు తుపాకీ అయి, కాగితాలు దొరికితే వారసుడు తన పేర దరఖాస్తు చేసుకోవచ్చు. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారు జీవించి ఉండగానే, ఆయనకు 70 ఏళ్లు నిండినా లేదా తుపాకీ 25 ఏళ్లుగా ఆయన వద్ద ఉన్నా, వారసుల్లో ఒకరికి బదలాయించే వీలుంది. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి. పంట రక్షణకు వాడే నోటి మందు తుపాకీకి చట్టంలోనే ప్రత్యేక ప్రస్తావన ఉంది. సూర్యాపేట జిల్లాలో దరఖాస్తును పరిశీలించేది కలెక్టరేట్, విచారణ జరిపేది పోలీసులు. డెబ్బై దాటిన తండ్రి ఉన్న ఇంట్లో ఈ పని ఈ ఏడాదే చేసుకోవడం, ఆయన తదనంతరం స్టేషన్ చుట్టూ తిరగడం కంటే సుళువు.

పేలుడు పదార్థాల విషయం వేరు. చెరువు పూడిక తీస్తున్నప్పుడో, పునాది తవ్వుతున్నప్పుడో తూటాలు, బాంబులు కనిపిస్తే తాకరాదు, కడగరాదు, ఇంటికి తీసుకెళ్లరాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి 36వ నంబరు చేతిబాంబు చూడటానికి సీతాఫలంలా గళ్లుగళ్లుగా ఉంటుంది. మట్టి పట్టి ఉంటే పిల్లలు ఆటవస్తువు అనుకునే ప్రమాదం ఉంది. డెబ్బై ఏళ్లు భూమిలో ఉన్నంత మాత్రాన లోపలి మందు చచ్చిపోదు. ఒక్కోసారి ముట్టుకుంటేనే పేలేంత సున్నితంగా మారుతుంది. చుట్టుపక్కల వారిని దూరంగా పంపి పోలీసులకు చెబితే బాంబు నిర్వీర్య దళం వస్తుంది. ఒక్క తూటా కూడా చట్టరీత్యా ఆయుధ సామగ్రే. సంచి అడుగున మరిచిపోయిన ఒక్క తూటాతో విమానాశ్రయంలో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవారు దేశంలో ఎందరో ఉన్నారు.

తుపాకీ లేకున్నా సేకరణ ఉంది

చట్టం ఇంత బిగువుగా ఉంటే ఇక సేకరించడానికి ఏం మిగిలిందని అడగవచ్చు. నిజానికి మిగిలిందే ఎక్కువ. త్రీనాట్‌త్రీ రైఫిళ్లు లక్షల్లో తయారయ్యాయి. బెంగాల్‌లోని ఇషాపూర్‌లో, ఇంగ్లండ్‌లో, ఆస్ట్రేలియాలోని లిత్‌గోలో ఒకే నమూనాలో పోతపోసినట్లు వచ్చాయి. ఒకదానికి, మరొకదానికి తేడా సీరియల్ నంబరే. కానీ ‘ఫలానా గ్రామానికి చెందిన ఫలానా వ్యక్తికి ఒక నాటు తుపాకీ, పంట రక్షణ నిమిత్తం’ అని ఉర్దూలో రాసిన లైసెన్సు కాగితం ప్రపంచంలో ఒక్కటే ఉంటుంది. దాన్ని ఉంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

పతకాల సంగతీ అంతే. మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొన్న సిపాయికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండిది. కూలీ దళాల వారికి అదే పతకం కంచుతో ఇచ్చారు. అంచు చుట్టూ సిపాయి నంబరు, పేరు, పటాలం సన్నని అక్షరాల్లో చెక్కి ఉంటాయి. భూతద్దం పెట్టి చూస్తే తప్ప కనిపించవు. వెండి అన్న ఒక్క కారణంతో ఇలాంటి పతకాలు ఎన్నో కంసాలి మూసలో కరిగిపోయాయి. కాలి పట్టాలుగా మారిన ఆ వెండి విలువ ఎంతో గానీ, ఆ అంచు మీది పేరు మాత్రం మళ్లీ దొరకదు. నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు ఆ యుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్లారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాల్లో ఒకటి వారిదే. మిగతా రెండు మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లవి.

ఇక్కడే సేకర్తలను తరచూ తప్పుదారి పట్టించే పేరు ఒకటుంది. టోపీ బ్యాడ్జీపై ‘హైదరాబాద్ రెజిమెంట్’ అని ఉంటే అది నిజాం సైన్యానిదని అనుకుంటారు. కాదు. బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్ పుట్టుకకు నిజాం రాజ్యంతో సంబంధం ఉన్నా, తరువాతి కాలంలో అందులో చేరినవారు ఎక్కువగా కుమావూలు, అహీర్లు వంటి ఉత్తరాది వారు. 1945లో దాని పేరే కుమావూ రెజిమెంట్‌గా మారింది. నిజాం సొంత సైన్యం వేరు, రజాకార్లు వేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి అమ్మే వ్యాపారులకు కొదవ లేదు.

నకిలీల బెడద తక్కువేమీ కాదు. ఖైబర్ కనుమ ప్రాంతపు కమ్మరులు బ్రిటిష్ రైఫిళ్లను, వాటి ముద్రలతో సహా, చేత్తో కాపీ కొట్టడంలో ప్రపంచ ప్రసిద్ధులు. వాటిని పట్టుకునే చిట్కా చదువుకున్నవారికి సులభం. విక్టోరియా మహారాణి 1901లో మరణించింది. ఆమె పేరిట ‘వి.ఆర్.’ ముద్ర ఉండి, పక్కనే 1903 అని ఉంటే ఆ వస్తువు సంగతి చెప్పనవసరం లేదు. ఇంగ్లిషు రాని కమ్మరి అక్షరాలను తిరగేసి కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. బకిల్స్, బొత్తాలు, కత్తి ఒరల విషయంలోనూ ఇదే పరీక్ష పనికొస్తుంది. ఇషాపూర్ నుంచి వచ్చిన వస్తువులపై ఇంగ్లిషు అక్షరాల్లో ‘ఆర్.ఎఫ్.ఐ.’ అని, కిర్కీ కర్మాగారం తూటాల అడుగున ‘కె.ఎఫ్.’ అని, దాని పక్కన సంవత్సరం అంకెలు కనిపిస్తాయి. పేలిన తూటా ఖాళీ తొడుగు నిరపాయమే అయినా, దానిని దాచుకునే ముందు స్టేషన్‌లో ఒక మాట అడగడం వివేకం.

నూరేళ్లు దాటిన వస్తువులకు 1972 పురావస్తువుల చట్టమూ వర్తిస్తుంది. లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయరాదు. దేశం దాటించడం మొత్తానికే నిషిద్ధం. అమెరికాలోని మనవడికి తాత కత్తిని పార్శిల్ చేద్దామనుకునేవారు ఇది గమనించాలి. నేలలో పాతిపెట్టి ఉన్న విలువైన వస్తువు దొరికితే కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. సేకరించిన యూనిఫారాన్ని పెట్టెలో దాచుకోవచ్చు గానీ, సిపాయినని నమ్మించే ఉద్దేశంతో వేసుకుని బజారులో తిరిగితే శిక్షార్హమైన నేరం.

ఎక్కడ చూడవచ్చు?

పాత ఆయుధాలపై నిజంగా ఆసక్తి ఉన్నవారు కొనుగోలుకు ముందు కళ్లకు పని చెప్పడం మేలు. 1951 డిసెంబరు 16న ప్రారంభమైన హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగం ఉంది. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలోనూ ఆయుధాలు చూడవచ్చు. ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోతపోయించిన తోప్ కా సాంచా పేరు మీదనే నగరంలోని గన్‌ఫౌండ్రీ ప్రాంతం ఏర్పడింది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్త్రాలు ఉన్నాయి. ఉర్దూ, ఫార్సీ చదవగలిగిన వారి సాయం ఉంటే తాత లైసెన్సు కాగితానికి అక్కడ జంట దొరికినా ఆశ్చర్యపోనక్కర లేదు.

పోలీసులకు చేరిన లైసెన్సు లేని తుపాకులు కేసు ముగిశాక సాధారణంగా ధ్వంసమవుతాయి. శాంతిభద్రతల కోణంలో అది సమంజసమే. అయితే ధ్వంసం చేసే ముందు పురావస్తు శాఖ వారికి ఒకసారి చూపించే ఆనవాయితీ ఉంటే బాగుంటుంది. ఒక భర్మార్‌ను శాశ్వతంగా పేలకుండా చేసి, ఎక్కడ ఎవరి వద్ద దొరికిందో రాసిన చీటీతో గాజు పెట్టెలో ఉంచడానికి అయ్యే ఖర్చు స్వల్పం. నల్గొండ శివారు పానగల్‌లో కాకతీయుల కాలపు శిల్పాలకు ప్రదర్శనశాల ఉన్నట్లే నిన్నటి పోరాట వస్తువులకూ ఒక గది దొరకవలసి ఉంది. తుపాకీ అప్పగించే కుటుంబం ఆ దరఖాస్తులోనే ‘చారిత్రక విలువ ఉన్నదని భావిస్తున్నాం, ప్రదర్శనశాలకు పరిశీలించగలరు’ అని ఒక వాక్యం చేర్చి, నకలును పురావస్తు శాఖకు పంపడానికి అడ్డేమీ లేదు.

ఇంట్లో ఉంచుకోదగ్గ వస్తువుల విషయంలో మనవారు చేసే నష్టం ఎక్కువగా శుభ్రత పేరిటే జరుగుతుంది. పండుగకు ఇత్తడి సామానుతో పాటు పతకాన్నీ చింతపండుతో తోముతారు. రెండు పండుగలు గడిచేసరికి అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు, నల్లదనం ఉంటే ఉండనివ్వాలి. పాత రిబ్బను చిరిగినా మార్చరాదు. ఉన్ని కోట్లకు చిమ్మట పడుతుంది కనుక ఏటా ఎండాకాలంలో నీడన ఆరబెట్టి, ఎండు వేపాకుతో మడిచి పెట్టాలి. కాగితాలకు లామినేషన్ చేయించడం వాటిని చేజేతులా పాడుచేసుకోవడమే. ఒకసారి అతికిన ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. రెండు శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య, రేకు పెట్టెలో, మడత లేకుండా ఉంచితే చాలు.

అన్నింటికన్నా త్వరగా పోయేది మనుషుల జ్ఞాపకం. సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వారి మాటల్లోనే నమోదు చేసిన ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వెలువడింది. అప్పుడు మాట్లాడినవారిలో చాలామంది నేడు లేరు. పోలీసు చర్య నాటికి పదేళ్ల పిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు ఎనభై అయిదు దాటారు. కోదాడ రోడ్డు మీద కవచ శకటాలను చూసినవారు, రాత్రివేళ దళానికి అన్నం మోసినవారు, గడీ తుపాకీ చప్పుడు విన్నవారు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. పెట్టెలోని పాత ఫొటోను వారి ముందు ఉంచి, అందులో ఉన్నవారు ఎవరు, తీసిన ఊరేది, చేతిలోని తుపాకీ ఎక్కడిది అని అడగాలి. చెప్పిన పేర్లను, సంవత్సరాన్ని, చెప్పినవారి పేరును ఫొటో వెనుక మెత్తటి పెన్సిల్‌తో నెమ్మదిగా రాసుకోవాలి. పెన్నుతో రాస్తే కొన్నేళ్లకు సిరా ముందువైపుకు దిగుతుంది.